వేగాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలి?

హైదరాబాద్‌లోని మదీనాగూడ నుంచి గచ్చిబౌలి వైపు తెల్లవారుజామున సైకిల్ మీద బయల్దేరేవాళ్ళకు మొదటి పరీక్ష హఫీజ్‌పేట ఫ్లైఓవర్. కింద రైలు పట్టాలు, పైన కాసేపు ఎక్కుడు, ఆ వెంటనే దిగుడు. చాలామంది అలవాటుగా అక్కడ సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి తొక్కుతారు. హ్యాండిల్‌కు బిగించిన చిన్న తెర మీద అప్పటిదాకా 180 వాట్లు చూపిస్తున్న అంకె 350 దాటుతుంది. దిగేటప్పుడు అదే అంకె సున్నాకు పడిపోతుంది. ఫ్లైఓవర్ దాటాక సగటు చూసుకుంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. కాళ్ళ కండరాల్లో మాత్రం జరగాల్సింది జరిగిపోయింది.

గంటసేపు సరదాగా తొక్కి ఇంటికొచ్చే మనిషికి దీనితో పెద్ద నష్టమేమీ లేదు. ఎనిమిది గంటల పందెంలో ఉన్న మనిషికి ఇలాంటి ఎక్కుడు దిగుళ్ళు వందసార్లు ఎదురైతే గెలుపోటములు అక్కడే తేలిపోతాయి.

దూరపు ట్రయథ్లాన్ అంటే ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటిగా 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. ఐరన్‌మ్యాన్ పేరుతో లోకానికి తెలిసిన పోటీ ఇదే. 1978లో హవాయిలోని ఒవాహు దీవిలో 15 మందితో మొదలైతే 12 మంది పూర్తి చేశారు. విజేత గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది. 2024 అక్టోబరులో అదే హవాయిలోని కోనాలో జర్మన్ క్రీడాకారుడు పాట్రిక్ లాంగె 7 గంటల 35 నిమిషాల 53 సెకన్లలో గీత దాటాడు. ఈ రెండు పోటీల మధ్యకాలంలో సైకిళ్ళు, బూట్లు, తిండి అన్నీ మారాయి. వాటితో పాటు, ఉన్న శక్తిని ఎప్పుడు ఎంత వాడాలో లెక్కగట్టే శాస్త్రం కూడా పెరిగింది. పందెగాళ్ళు దాన్ని పేసింగ్ అంటారు.

ముందు వెళ్ళినవాళ్ళ కథ

లాంగె గెలిచిన ఆ రోజు సైకిల్ మీద అందరికంటే ముందున్నది అతను కాదు, ఫ్రాన్స్‌కు చెందిన సామ్ లెయిడ్లో. 180 కిలోమీటర్లను 3 గంటల 57 నిమిషాల 22 సెకన్లలో తొక్కి కోనా రికార్డు తిరగరాశాడు. పరుగు మొదలయ్యాక ఆ ఆధిక్యం కరిగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు అతన్ని దాటి వెళ్ళారు. చివరికి అతనిది 18వ స్థానం. లాంగె మాత్రం మారథాన్‌ను 2 గంటల 37 నిమిషాల 34 సెకన్లలో పరుగెత్తాడు.

దీన్ని ఆరంభశూరత్వం అని కొట్టిపారేయడానికి లేదు. రెండేళ్ళ ముందు, 2022లో, లెయిడ్లో ఇదే పద్ధతిలో సైకిల్ రికార్డు సృష్టించి, పరుగులోనూ నిలబడి రెండో స్థానం సంపాదించాడు. 2023లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు. ఒకే మనిషి, ఒకే తరహా ఎత్తుగడ. ఫలితాలు మాత్రం ఒకటి, రెండు, పద్దెనిమిది. హద్దుకు అంత దగ్గరగా నడిచేవాడికి ఒళ్ళు, వాతావరణం కాస్త అటూ ఇటూ అయినా ఫలితం తలకిందులవుతుంది.

2025 అక్టోబరులో కోనాలో జరిగిన మహిళల పోటీ ఇంకా పెద్ద పాఠం. ముందు వరసలో ఇద్దరు: 2023లో ఇక్కడే గెలిచిన బ్రిటన్ క్రీడాకారిణి లూసీ చార్లెస్-బార్‌క్లే, అమెరికాకు చెందిన టేలర్ నిబ్. వేడి దెబ్బకు లూసీ పరుగు మధ్యలోనే తప్పుకుంది. ఆధిక్యంలోకి వచ్చిన నిబ్, గీత ఇంకో మూడు కిలోమీటర్ల దూరంలో ఉందనగా తూలి, రోడ్డు పక్కన కూలబడిపోయింది. వెనక నుంచి వస్తున్న నార్వే క్రీడాకారిణి సోల్వై లోవ్‌సెత్ 8 గంటల 28 నిమిషాల 27 సెకన్లలో ఛాంపియన్ అయింది. ఆమె వెనక 35 సెకన్ల తేడాతో బ్రిటన్‌కు చెందిన కాట్ మాథ్యూస్ వచ్చింది. మాథ్యూస్ మారథాన్ సమయం 2 గంటల 47 నిమిషాల 23 సెకన్లు, ఆ మార్గంలో మహిళల రికార్డు.

ఎనిమిది గంటల పాటు ప్రపంచంలో అందరికంటే మెరుగ్గా నడిచిన శరీరం చివరి పావుగంటలో ఎందుకు మొరాయిస్తుంది? జవాబు మూడు చోట్ల ఉంది: ఎదురుగాలిలో, కడుపులో, చర్మం మీద.

గాలి ఊరుకోదు

చదును రోడ్డు మీద వేగంగా వెళ్ళే సైకిలిస్టు శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ బలానికి ఎదురెళ్ళడానికి క్షణక్షణం కావలసిన సామర్థ్యం, అంటే వాట్లు, వేగం ఘనాన్ని బట్టి పెరుగుతాయి. వేగం 10 శాతం పెంచాలంటే 33 శాతం ఎక్కువ వాట్లు కావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. 90 కిలోమీటర్ల దూరం. ఒకరు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఒకే తీరున వెళ్ళారు. రెండున్నర గంటల్లో పూర్తయింది. ఇంకొకరు మొదటి 45 కిలోమీటర్లు 40 వేగంతో, మిగతా 45 కిలోమీటర్లు అలసిపోయి 32 వేగంతో వెళ్ళారు. ఎంత పెరిగిందో అంతే తగ్గింది కదా, సమానమే అనిపిస్తుంది. కాని రెండో మనిషికి పట్టేది 2 గంటల 31 నిమిషాల 52 సెకన్లు. దాదాపు రెండు నిమిషాలు ఆలస్యం. పైగా గాలి మీద అతను చేసిన పని ఒక శాతానికి మించి ఎక్కువ. ఎక్కువ కష్టపడి వెనకబడ్డాడు.

అసలు దెబ్బ ఇంకా లోపల ఉంది. 40 వేగంతో వెళ్ళినప్పుడు అతని వాట్లు 37 శాతం పెరిగాయి. ఒక హద్దు దాటి కష్టపడితే కండరాల్లో లాక్టేట్ అనే పదార్థం పేరుకుంటుంది, నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం త్వరత్వరగా కరుగుతుంది. తర్వాత నెమ్మదించినా ఆ కరిగింది తిరిగిరాదు. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆండ్రూ కాగన్ ఈ అన్యాయాన్ని లెక్కలోకి తేవడానికి నార్మలైజ్డ్ పవర్ అనే కొలమానం తయారుచేశాడు. వాట్లను నాలుగో ఘాతానికి పెంచి, సగటు తీసి, మళ్ళీ నాలుగో మూలం తీస్తారు. పెద్ద అంకెలకు అందులో పెద్ద శిక్ష పడుతుంది. గాలిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, పైన చెప్పిన రెండో మనిషి శరీరానికి ఆ ప్రయాణం నిలకడగా వెళ్ళినవాడికంటే 14 శాతం ఎక్కువ భారంగా తోస్తుంది. ఫ్లైఓవర్ మీద సగటు దాచిపెట్టేది ఇదే.

అలాగని ఎత్తు మీదా పల్లంలోనూ ఒకే వాట్లు పెట్టడం కూడా సరి కాదు. ఎక్కేటప్పుడు వేగం తక్కువ కాబట్టి గాలి అడ్డు తక్కువ, పెట్టిన శక్తికి సమయం బాగా కలిసొస్తుంది. దిగేటప్పుడు ఎంత తొక్కినా గాలే మింగేస్తుంది. అందుకే ఆరితేరినవాళ్ళు ఎక్కుడులో కాస్త పెంచుతారు, దిగుడులో ముడుచుకుని కూర్చుని కాళ్ళకు విశ్రాంతి ఇస్తారు. ఆ కాస్త ఎంతన్నదే నేర్పు. 180ని 210 చేయడం వేరు, 350 చేయడం వేరు.

కడుపు పెట్టే హద్దు

నాలుగు గంటల పాటు 300 వాట్లతో తొక్కే క్రీడాకారుడు దాదాపు 4,300 కిలోకేలరీలు ఖర్చు చేస్తాడు. 70 కిలోల మనిషికి మారథాన్ పరుగు ఇంకో 2,900 చిల్లర. ఈత కూడా కలిపితే 8,000 దగ్గరకు చేరుతుంది. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే పిండిపదార్థం మొత్తం ఇచ్చేది రెండువేల కిలోకేలరీల చిల్లర. కొవ్వు కావలసినంత ఉంటుంది గాని అది నిదానంగా కాలే ఇంధనం. వేగం పెరిగేకొద్దీ శరీరం కొవ్వును వదిలి గ్లైకోజెన్ మీద పడుతుంది.

మరి తింటూ వెళ్ళొచ్చు కదా? వెళ్తారు. కాని పేగు గోడ ఒప్పుకున్నంతే లోపలికి వెళ్తుంది. గ్లూకోజ్‌ను లోపలికి మోసే వాహకాలు గంటకు 60 గ్రాముల దగ్గర నిండిపోతాయి. ఫ్రక్టోజ్‌కు వేరే దారి ఉంది. ఆ రెండింటినీ కలిపి తీసుకుంటే గంటకు 90 గ్రాముల దాకా వాడుకోవచ్చని ఆస్కర్ జోకెన్‌డ్రుప్ వంటి పరిశోధకులు చూపించారు. ఇవాళ ప్రొఫెషనల్స్ పేగులకు నెలల తరబడి తర్ఫీదు ఇచ్చి 100 గ్రాములు కూడా దాటుతున్నారు. అంతా కలిపినా గంటకు వచ్చేది 400 కిలోకేలరీలు, పోయేది వెయ్యి.

ఈ తినే పనంతా ఎక్కువగా సైకిల్ మీదే జరగాలి. పరుగులో పొట్ట కుదుపులకు పెద్దగా ఏదీ ఇమడదు. సైకిల్‌ను హద్దు మీరి తొక్కితే రక్తం కాళ్ళకు, చర్మానికి మళ్ళుతుంది, పేగుకు తగ్గుతుంది. తిన్నది కదలక కడుపులోనే ఉండిపోతుంది. అంటే ఎక్కువ వేగం ఒకే సమయంలో ఖర్చును పెంచి, రాబడిని తగ్గిస్తుంది. పరుగులో 30వ కిలోమీటరు దగ్గర కుదేలైనవాళ్ళలో చాలామంది ఆ పొరపాటు నాలుగు గంటల ముందు సైకిల్ మీద చేసి ఉంటారు.

చెమట ఆరకపోతే

మనిషి కండరం మంచి యంత్రమే, కాని వాడుకున్న శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేదు. మిగతాదంతా వేడి. 70 కిలోల మనిషి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెడితే గంటకు సుమారు 650 కిలోకేలరీల వేడి పుడుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే ఐదారు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఒళ్ళు కాలిపోతుంది. కాపాడేది చెమట. లీటరు చెమట ఆవిరైతే 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుంది.

షరతు ఒక్కటే: ఆవిరవ్వాలి. కారి నేల మీద పడిన చెమట చల్లబరచదు. ముసురు పట్టిన రోజుల్లో బాల్కనీలో ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా తడిగానే ఉన్నట్టు, గాలిలో ఆవిరి నిండినప్పుడు చర్మం మీది చెమటా ఆరదు. గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపి చల్లబరచాలని చూస్తుంది. అదే రక్తం కాళ్ళకూ కావాలి. చెమటతో రక్తంలో నీరు తగ్గేకొద్దీ ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గుతుంది, కొట్టుకునే సంఖ్య పెరుగుతుంది. వేగం మారకపోయినా గడియారం మీద గుండె లెక్క నిమిషానికి 140 నుంచి 150కి, 155కి పాకడం ఇందుకే. పరుగుగాళ్ళు దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు.

నార్వే బృందం ఈ ఆటకు తెచ్చిన కొత్తదనంలో పెద్ద భాగం ఇక్కడే ఉంది. కోచ్ ఒలావ్ అలెగ్జాండర్ బూ దగ్గర శిక్షణ పొందిన క్రిస్టియన్ బ్లుమ్మెన్‌ఫెల్ట్, గుస్తావ్ ఇడెన్ శిక్షణలో మాటిమాటికీ వేలి కొన నుంచో చెవి నుంచో రక్తపు చుక్క తీసి లాక్టేట్ చూసుకుంటారు, ఒంటి వేడిని పసిగట్టే సెన్సార్లు పెట్టుకుంటారు. 2025 సెప్టెంబరులో నీస్‌లో జరిగిన పురుషుల ప్రపంచ పోటీలో మొదటి మూడు స్థానాలూ నార్వేవే: కాస్పర్ స్టోర్నెస్, ఇడెన్, బ్లుమ్మెన్‌ఫెల్ట్.

పక్కన ఇంకొకడు ఉన్నప్పుడు

ఇంతవరకు చెప్పినవన్నీ మనిషి ఒంటరిగా ఉన్నప్పటి లెక్కలు. పందెంలో ఒంటరితనం ఉండదు. నీటిలో ముందువాడి పాదాల వెనకే ఈదితే శ్రమ బాగా తగ్గుతుంది, నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి. అందుకే ప్రొఫెషనల్స్ మొదటి కొన్ని వందల మీటర్లు పూర్తి బలంతో ఈది ముందు గుంపులో చోటు సంపాదిస్తారు. లెక్క ప్రకారం అది దుబారా. ఆ గుంపు తప్పిపోతే మిగతా మూడున్నర కిలోమీటర్లూ సొంత బలం మీద నీటిని చీల్చాలి కాబట్టి ఆ దుబారా గిట్టుబాటవుతుంది.

సైకిల్ మీద ముందువాడి చాటున నక్కడం నిషేధం. ప్రొఫెషనల్స్ మధ్య ఏళ్ళ తరబడి 12 మీటర్ల ఎడం నియమం ఉండేది. అంత ఎడంలోనూ గాలి కొంత పలచబడుతుంది. ఈతలో వెనకబడ్డవాళ్ళు సైకిల్ మొదటి అరగంటలో గట్టిగా తొక్కి ఆ వరసను అందుకోవాలా, తమ వాట్లకే కట్టుబడాలా అన్నది పందెంలో కష్టమైన నిర్ణయం.

1989 కోనా పోటీలో మార్క్ అలెన్ ఎంచుకున్న దారి ఇప్పటికీ కోచ్‌లు చెప్పుకునేది. అప్పటికి ఆరుసార్లు కోనాకు వచ్చి గెలవలేకపోయాడు. అతని ఎదుట ఆరుసార్లు ఛాంపియన్ అయిన డేవ్ స్కాట్. ఈసారి అలెన్ తన వేగం తాను పెట్టుకోలేదు, ముందుకు దూకలేదు. ఈతలో, సైకిల్ మీద, పరుగులో స్కాట్ పక్కనే ఉన్నాడు. దాదాపు ఎనిమిది గంటలు ఇద్దరూ అడుగు దూరంలో సాగారు. మారథాన్‌లో సుమారు రెండు మైళ్ళు మిగిలాయనగా ఒక ఎక్కుడు మీద అలెన్ విడిపోయాడు. అతని సమయం 8:09:15, స్కాట్‌ది 8:10:13. అలెన్ చాలా ఏళ్ళుగా ఫిల్ మాఫెటోన్ సలహాతో, గుండె వేగాన్ని ఒక హద్దు దాటనివ్వకుండా నెలల తరబడి నింపాదిగా శిక్షణ చేసినవాడు. ఆ చివరి ఎక్కుడు మీద వాడిన బలం అక్కడ దాచుకున్నదే.

సైబరాబాద్‌లో ఈ లెక్కలు

ఈ ఆటకు మదీనాగూడ చుట్టుపక్కల దొరికే వసతులు తక్కువేమీ కావు. 2002 జాతీయ క్రీడల కాలంలో కట్టిన గచ్చిబౌలి స్టేడియం సముదాయంలో పెద్ద ఈతకొలను ఉంది. చందానగర్, లింగంపల్లి, తెల్లాపూర్ మీదుగా వెళ్తే కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పు వేసిన సైకిల్ దారి తగులుతుంది. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ 23 కిలోమీటర్ల దారిలో నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు. సిగ్నల్ లేదు, ఆటో అడ్డురాదు, నెత్తిన ఎండ పడదు. ఒకే వాట్లతో గంటసేపు తొక్కడం అంటే ఏమిటో కాళ్ళకు నేర్పడానికి నగరంలో ఇంతకంటే మంచి చోటు లేదు.

ఎక్కుడు దిగుళ్ళ పాఠం ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ చెబుతుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై, ఫ్లైఓవర్ల మీదుగా, దుర్గంచెరువు కేబుల్ బ్రిడ్జి దాటి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త అల్బెర్టో మినెట్టి బృందం 2002లో ప్రకటించిన కొలతల ప్రకారం 5 శాతం వాలు ఎక్కుతూ అదే వేగం నిలుపుకోవాలంటే 30 శాతం ఎక్కువ శక్తి కావాలి. దిగేటప్పుడు ఆదా అయ్యేది 24 శాతం. ప్రతి వంతెన దగ్గరా కొంత నికర నష్టమే. దాన్ని తగ్గించుకోవాలంటే ఎక్కేటప్పుడు కిలోమీటరు సమయాన్ని పట్టించుకోకుండా శ్వాసను పట్టించుకోవాలి.

నిలకడకు సముద్రంలో ఒక తెలుగు ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో స్థిరపడ్డ గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. దూరం 30 కిలోమీటర్లు, సగటున గంటకు 2.2. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. నడి వయసులో, అలల మీద, పదమూడు గంటలు దాన్ని నిలబెట్టడం ఎలాంటి పనో ఈ అధ్యాయం ఇంతవరకు చదివినవారికి వివరించనక్కర్లేదు.

మన దగ్గర ఈ ఆట మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా కన్నేసేది గోవా మీద. 2019 అక్టోబరు 20న అక్కడి మిరామార్ తీరంలో దేశంలోనే మొదటి ఐరన్‌మ్యాన్ 70.3 జరిగింది: 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. మేటి ప్రొఫెషనల్ పురుషులు ఈ దూరాన్ని నాలుగు గంటల లోపే ముగిస్తారు. ఆఫీసు పని చూసుకుంటూ శిక్షణ చేసే మనిషికి ఆరు, ఏడు గంటలు పడుతుంది. అతని పరుగు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. అందుకే ప్రొఫెషనల్స్ వాడే శాతాలను యథాతథంగా తెచ్చుకోకూడదు. వాళ్ళ కష్టం తీవ్రమైనదే అయినా తక్కువసేపటిది.

తన హద్దు ఎవరికి వారు కొలుచుకోవచ్చు. ఆగస్టు ఉక్కలో ఒక గంట తొక్కే ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోవాలి. 1.2 కిలోలు తగ్గి, మధ్యలో అరలీటరు తాగి ఉంటే చెమట గంటకు 1.7 లీటర్లు. కడుపు గంటకు ఇంచుమించు లీటరు నీటినే కిందికి పంపగలదు. లోటు 0.7 లీటర్లు. ఐదు గంటలకు అది మూడున్నర కిలోలు, 70 కిలోల మనిషిలో 5 శాతం. 2, 3 శాతం దగ్గరే శక్తి జారడం మొదలవుతుంది. ఎక్కువ తాగి ఈ లోటు పూడ్చలేం. పుట్టే వేడినే తగ్గించాలి. సైకిల్ మీద 20 వాట్లు తగ్గిస్తే గంటకు 60 కిలోకేలరీల వేడి, వంద మిల్లీలీటర్ల చెమట మిగులుతాయి. 180 వాట్ల మనిషికి 90 కిలోమీటర్ల మీద దాని ఖరీదు ఏడెనిమిది నిమిషాలు. పరుగులో కిలోమీటరుకు 20, 25 సెకన్లు మెరుగుపడితే అది తిరిగొస్తుంది. ఒళ్ళు కాగిపోయి పరుగు వదిలి నడకలో పడ్డ మనిషి కిలోమీటరుకు నాలుగైదు నిమిషాల చొప్పున పోగొట్టుకుంటాడు.